టీడీఎస్ మీటరు చూపించనిది

పోయిన నెల వాటర్ ఫిల్టర్లు అమ్మే ఒకతను మా ఇంటికొచ్చి, ఒక గ్లాసులో మా బోరు నీళ్లు, ఇంకో గ్లాసులో తను తెచ్చిన ఆర్వో నీళ్లు పోసి, రెండింట్లోనూ కరెంటు రాడ్లు పెట్టాడు. నిమిషంలో మా నీళ్లు తుప్పు రంగుకి తిరిగి పైన తెట్టు కట్టాయి. "ఇన్నాళ్లూ ఇవేనా తాగింది!" అని అమ్మ హడలిపోయింది. నిజానికి ఆ తుప్పు నీళ్లది కాదు, రాడ్డుది. నీళ్లలో లవణాలుంటే కరెంటు బాగా పారి ఇనప రాడ్డు కరుగుతుంది, లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి అవి తేటగా ఉంటాయి, అంతే.

తర్వాత టీడీఎస్ మీటరు ముంచితే 640 చూపించింది. కరిగిన లవణాలన్నీ కలిపి సుమారుగా ఎంతో చెప్పే లెక్క అది. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 2000 వరకు తాగొచ్చు. ఆ 640లో ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం, మామూలు ఉప్పు లాంటివే ఉంటాయి. వాటివల్ల పప్పు ఉడకదు, గీజర్‌లో తెల్లగా పేరుకుపోతుంది, విసుగు పుడుతుంది, కానీ ఆరోగ్యానికి పెద్ద ముప్పేమీ లేదు.

ముప్పు తెచ్చేవి ఆ అంకెలో కనపడనంత కొంచెంగా ఉంటాయి.

ఫ్లోరైడ్‌నే తీసుకోండి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. 4 ఉన్నా 640లో ఆ నాలుగు ఎవరికి తెలుస్తుంది? ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. నల్గొండ కథ మనందరికీ తెలిసిందే. అక్కడి గ్రానైట్ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. కాల్షియం ఎక్కువుంటే దాన్ని కొంత పట్టి అడుక్కి దించేస్తుంది, తక్కువుంటే ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. అంటే పప్పు చక్కగా ఉడికే, నోటికి తియ్యగా ఉండే బోరులోనే ఫ్లోరైడ్ ఎక్కువుండొచ్చు! ఇది తెలిసినప్పుడు నాకు నిజంగా గుండె కలుక్కుమంది, ఎందుకంటే మంచి నీళ్లని మనం ఏ గుర్తులు చూసి నమ్ముతామో అవే మోసం చేస్తున్నాయి.

చిన్నతనంలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే, మొలిచే పళ్లకే మచ్చలు, గార పడతాయి. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగదు. మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ పాదాలు దూరంగా పోయే వంకరని నల్గొండ ప్రాంతపు పిల్లల్లో చూసి 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ప్రచురించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ని అడుక్కి దించే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరొచ్చి, అది ఆఫ్రికాలో కెన్యా, టాంజానియా దాకా వెళ్లింది. ఒక జిల్లా బాధ ఇలా ప్రపంచానికి మందు పేరైంది.

రెండోది నైట్రేట్. ఎరువులు, సెప్టిక్ ట్యాంకుల నుంచి బోర్లలోకి దిగుతుంది, రంగూ రుచీ ఉండవు, హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లు తట్టుకున్నా, ఆరు నెలల లోపు పిల్లలకి ఈ నీళ్లతో డబ్బా పాలు కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదముంది. కాచి ఇస్తున్నాం కదా అనుకుంటాం. కాస్తే క్రిములు చస్తాయి గానీ, నీళ్లు ఆవిరై నైట్రేట్, ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడతాయి.

క్రిముల సంగతీ అంతే. మురుగు కలిసిన నీళ్లకి టీడీఎస్ 150 ఉండొచ్చు. దానికి వేరే చిన్న సీసా పరీక్ష ఉంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా ఉన్నప్పుడు నల్లబడుతుంది. చాలా పల్లెల్లో పంచాయతీ దగ్గర ఫీల్డ్ టెస్ట్ కిట్ కూడా ఉంటుంది, అడగండి.

ఆర్వో ఫ్లోరైడ్‌నీ నైట్రేట్‌నీ బాగా తగ్గిస్తుంది, అందులో అబద్ధం లేదు. నా బాధల్లా ఆ ఫిల్టర్లమ్మే అతను చేసిన పరీక్షలు ఆ రెండింటినీ చూపించవనే. అందుకే ల్యాబ్‌కి ఒక బాటిల్ పంపించాం. ఫ్లోరైడ్ 0.7, ఫర్వాలేదు. నైట్రేట్ మాత్రం 70. అక్క కూతురు రెండు నెలల పసిపాప. ఆ రోజు నుంచి డబ్బా పాలకి బోరు నీళ్లు ఆపేశాం, పక్కింటి సెప్టిక్ ట్యాంకు మా బోరుకి ఎంత దూరంలో ఉందో నాన్న టేపు పట్టుకుని కొలుస్తున్నారు.