విగ్రహం తీసేశాక ఆ చోటు ఎవరిది?

"విగ్రహాలను విడిచిపెట్టాను" అనే మాట క్రైస్తవుల సాక్ష్యాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ మాటకు రెండో సగం ఒకటి ఉంది, అది అంతగా వినిపించదు. క్రీ.శ. 50 ప్రాంతంలో పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రికలో ఆ రెండు సగాలూ ఒకే వాక్యంలో ఉన్నాయి. వాళ్లు విగ్రహాలను విడిచి దేవుని వైపు తిరిగారట, జీవముగల దేవునికి దాసులయ్యారట. విడవడం ఒక్క రోజులో అయిపోవచ్చు. దాసులుగా ఉండటం మాత్రం బతికినంత కాలం సాగాలి. ఈ విషయం మీద సంఘ చరిత్రలో వచ్చిన గొడవలు చదివినప్పుడల్లా, దెబ్బ తగిలింది ఆ రెండో సగం దగ్గరే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పాత నిబంధనలోని న్యాయాధిపతి గిద్యోను సంగతే చూడండి. దేవుడు పిలవగానే అతను చేసిన మొదటి పని సొంత తండ్రి కట్టించిన, బయలు అనే కనాను దేవుడి బలిపీఠాన్ని పడగొట్టడం. పగలు చేయాలంటే ఇంటివాళ్ల భయం, ఊరివాళ్ల భయం, అందుకే పదిమంది పనివాళ్లను తీసుకుని రాత్రిపూట చేశాడు. భయపడుతూనే చేసినా చేశాడు కదా, ఆ ధైర్యం చిన్నది కాదు. తర్వాత మిద్యానీయులను ఓడించాడు. మమ్మల్ని నువ్వే ఏలు అని జనం అడిగితే, నేను కాదు, యెహోవాయే మిమ్మల్ని ఏలుతాడు అన్నాడు. కథ అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆ జవాబు చెప్పిన నోటితోనే దోపుడు సొమ్ములోని చెవిపోగులు ఇమ్మని అడిగాడు. 1,700 షెకెళ్ల బంగారం పోగైంది. దానితో ఒక ఏఫోదు, అంటే యాజకుడు తొడుక్కునే లాంటి వస్త్రం, చేయించి తన ఊళ్లో పెట్టాడు. ఇశ్రాయేలీయులంతా దాని వెంట పడ్డారు. అది గిద్యోనుకూ అతని ఇంటివాళ్లకూ ఉరి అయింది. తండ్రి బలిపీఠాన్ని కూల్చిన మనిషి చేతుల మీదుగానే ఊళ్లోకి ఇంకొకటి వచ్చింది.

ఇత్తడి సర్పం కథ ఇంకా లోతుగా తగులుతుంది. అరణ్యంలో పాములు కరిచి జనం చచ్చిపోతుంటే దేవుడే మోషేతో దాన్ని చేయించాడు. దానివైపు చూసినవాళ్లు బతికారు. అంటే అది దేవుడు ఇచ్చిన మేలుకు గుర్తు. కొన్ని వందల ఏళ్ల తర్వాత హిజ్కియా రాజు కాలానికి జనం దానికే ధూపం వేస్తున్నారు. ఆయన దాన్ని ముక్కలు చేయించి, నెహుష్టాను, అంటే వట్టి ఇత్తడి ముక్క అని పేరు పెట్టాడు. దేవుడిచ్చిన మేలే దేవుని చోటులో కూర్చోగలదన్నమాట. మన ఉద్యోగం, మన పిల్లలు, చివరికి మనం చేసే సేవ కూడా అలాంటివే కదా అని ఈ భాగం చదివిన ప్రతిసారీ ఆగిపోతాను.

క్రీ.పూ. 586లో యెరూషలేము కూలింది. అంతకు కొన్నేళ్ల ముందే, బబులోను చెరలో ఉన్న పెద్దలు కొందరు యెహెజ్కేలు ప్రవక్త ముందు వచ్చి కూర్చున్నారు, దేవుని మాట అడగడానికి. వీళ్లు తమ హృదయాల్లోనే విగ్రహాలను నిలుపుకున్నారు అని దేవుడు ఆ ప్రవక్తతో చెప్పాడు. బైబిల్లో విగ్రహం చోటు గుడి నుంచి గుండెకు మారిందని ఇంత సూటిగా చెప్పిన భాగం దీనికి ముందు నాకు కనిపించలేదు.

చెర నుంచి తిరిగి వచ్చాక యూదులు బొమ్మల విషయంలో చాలా కట్టుదిట్టంగా ఉన్నారు. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే యెరూషలేము దేవాలయం లోపలి గదిలోకి వెళ్లి చూస్తే, అక్కడ ఏ దేవుడి రూపమూ లేదని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. యేసు బోధించింది అలాంటి జనం మధ్యే. ఏ ప్రతిమకూ మొక్కని వాళ్లతో ఆయన, దేవునికీ సిరికీ దాసులుగా ఉండలేరు అన్నాడు. సిరి అనే మాట మన చెవికి ఎంత తియ్యగా ఉంటుందో! ఆయన దాన్ని దేవునికి ఎదురుగా నిలబడే యజమానిగా చూపించాడు. పౌలు కొలొస్సయులకు రాస్తూ ధనాపేక్ష విగ్రహారాధనే అని తేల్చేశాడు.

లోబడటం అంటే ఏమిటో గెత్సేమనేలో కనిపిస్తుంది. ఈ గిన్నె తొలగించమని యేసు నిజంగానే అడిగాడు, చెమట కారుతూ అడిగాడు. తర్వాత, నా యిష్టము కాదు నీ చిత్తమే అన్నాడు. తెలుగులో 'లోబడు' అంటే లోపల పడటం, ఒకరి పరిధిలోకి వచ్చేయడం. అడగడం మానేయడం కాదు, మనసు చంపుకోవడం కాదు. కోరికను తండ్రి ముందు పెట్టి, ఆఖరి మాట ఆయనకు వదిలేయడం.

తొలి సంఘానికి ఈ ప్రశ్న రోజువారీ జీవితంలో ఎదురైంది. విగ్రహాలకు అర్పించిన మాంసం తినొచ్చా అని కొరింథువాళ్లు తగవు పడ్డారు. విగ్రహం వట్టిదే, నిజమే, కానీ నా తిండి వల్ల సహోదరుడి విశ్వాసం దెబ్బ తింటే మాంసమే ముట్టను అన్నాడు పౌలు. తన హక్కును కూడా దేవునికి లోబరచడం అది. ఎఫెసులో గొడవ జీవనోపాధి మీద వచ్చింది. అర్తెమి దేవి వెండి గుళ్లు చేసే దేమేత్రి, మన పని దెబ్బ తింటోందని తోటి కంసాలులను రేపాడు. పట్టణమంతా అల్లరి. అప్పుడు ఊరి కరణం చెప్పిన మాటను మనవాళ్లు ఎక్కువగా గమనించరు. వీళ్లు గుడి దోచినవాళ్లు కాదు, మన దేవతను దూషించినవాళ్లూ కాదు అన్నాడు. ఒక పట్టణాన్ని కదిలించేంతగా సువార్త చెప్పినవాళ్ల మీద, దేవతను తిట్టారన్న నేరం మోపడానికి వీల్లేకపోయింది. పక్కవాళ్ల ఆరాధనను ఎగతాళి చేయడమే భక్తి అనుకునేవాళ్లు ఈ వాక్యం దగ్గర కాసేపు కూర్చోవాలి.

క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ గవర్నరు ప్లినీ, క్రైస్తవులన్న నేరం మోపినవాళ్లను ఎలా పరీక్షిస్తున్నాడో ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. దేవుళ్ల పేరు పలకాలి, చక్రవర్తి ప్రతిమ ముందు ధూపం, ద్రాక్షారసం పెట్టాలి, క్రీస్తును శపించాలి. నిజమైన క్రైస్తవుల చేత వీటిలో ఏదీ చేయించలేమని అంటారు అని కూడా రాశాడు. 250లో డేసియస్ చక్రవర్తి ఇంకా ముందుకు వెళ్లాడు. అందరూ బలి అర్పించాలి, అర్పించినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ పత్రాలు కొన్ని ఐగుప్తు ఇసుకలో మన కాలానికి దొరికాయి. చాలామంది నిలబడ్డారు, చాలామంది పడిపోయారు. కొందరు బలి ఇవ్వకుండానే డబ్బిచ్చి పత్రం మాత్రం కొనుక్కున్నారు. చేతులు శుభ్రంగానే ఉన్నాయి, కాగితం మీద మాత్రం బలి ఇచ్చినట్టు ఉంది! వాళ్లను తిరిగి ఎలా చేర్చుకోవాలన్నది కార్తేజి బిషప్పు సిప్రియన్‌కు పెద్ద భారమైంది.

అదే సిప్రియన్ రాసిన మరో ఉత్తరం నాకు చాలా ఇష్టం. విశ్వాసంలోకి వచ్చిన ఒక నటుడు వేదిక ఎక్కడం మానేసి, అదే కళను ఇతరులకు నేర్పుతూ బతుకుతున్నాడు. ఆనాటి నాటకాలకు అన్య దేవతల పూజలతో గట్టి సంబంధం ఉండేది. అతన్ని సంఘంలో ఉంచవచ్చా అని ఒక బిషప్పు అడిగాడు. ఆ పని మానాల్సిందే అన్నాడు సిప్రియన్. అక్కడితో ఆపలేదు. అతనికి జరుగుబాటు లేకపోతే సంఘమే పోషించాలి, మీ దగ్గర స్తోమత లేకపోతే మా దగ్గరికి పంపండి, తిండీ బట్టా మేం చూస్తాం అన్నాడు. పాత జీవితం విడిచిరమ్మని పిలిచిన సంఘం, వచ్చినవాడి కంచం గురించి కూడా ఆలోచించింది.

313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో హింస ఆగింది. 391 నాటికి థియొడోసియస్ చక్రవర్తి చట్టాలు పాత గుళ్లలో పూజలనే నిషేధించాయి. చట్టంతో గుడి మూయించవచ్చు, మారుమనస్సు మాత్రం రాదు. ఆ కాలంలోనే ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్, ముందు అన్యుల హృదయాల్లోని విగ్రహాలు విరగాలి అని తన జనానికి బోధించాడు. తర్వాత క్రైస్తవులు తమ గుళ్లలోని పటాల గురించే కొట్టుకున్నారు. 787లో నీకయలో కూడిన రెండో మహాసభ పటాలకు గౌరవం వేరు, దేవునికి మాత్రమే చెల్లే ఆరాధన వేరు అంది. 843 తర్వాత తూర్పు సంఘాల్లో పటాలు నిలిచిపోయాయి. 1524లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ సంఘాలు మాత్రం బొమ్మలన్నిటినీ తీసేశాయి. ఈ విషయంలో సంఘాలు నేటికీ ఒక మాట మీద లేవు. మార్టిన్ లూథర్ 1529లో రాసిన మాట అయితే అందరికీ తగులుతుంది: నీ హృదయం దేన్ని ఆనుకుని ఉంటుందో అదే నిజంగా నీ దేవుడు.

1934 మే నెలలో, హిట్లర్ ఏలుతున్న జర్మనీలోని బార్మెన్ పట్టణంలో కొందరు క్రైస్తవులు సమావేశమయ్యారు. వాళ్ల ముందు ఏ ప్రతిమా లేదు. జాతి, రాజ్యం, నాయకుడు ఉన్నాయి, వాటికి సంఘం తల వంచాలన్న ఒత్తిడి ఉంది. బతుకులోనూ చావులోనూ మేం విని, నమ్మి, లోబడాల్సిన దేవుని ఏకైక వాక్యం యేసుక్రీస్తే అని వాళ్లు ప్రకటించారు. ఆ ప్రకటనను ప్రధానంగా రాసింది కార్ల్ బార్త్. ఆయన బాన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. కొద్ది నెలల తర్వాత ఉద్యోగులందరూ హిట్లర్‌కు విధేయత ప్రమాణం చేయాలని ఆర్డరు వచ్చింది. ఒక సువార్తిక క్రైస్తవుడిగా నా బాధ్యత ఒప్పుకున్నంత వరకు, అనే మాట చేర్చనిస్తే ప్రమాణం చేస్తానన్నాడు బార్త్. చేర్చనివ్వలేదు. 1935లో ఆయన ఉద్యోగం పోయింది, బాసెల్‌కు వెళ్లిపోయాడు.