పార్కింగ్‌లో వాలిన మట్టిరంగు సీతాకోకచిలుక

చిరంజీవులు చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వాన వెలిశాక పార్కింగ్‌లో గోడవార ఒక సీతాకోకచిలుక వాలితే చిన్నూ అడిగాడు కదా, "తాతయ్యా, డాబా మీద కరివేపాకు కుండీకి వచ్చేవి పసుపూ నలుపూ మెరిసిపోతుంటే ఇదేంటి మట్టిలో పొర్లినట్టుంది?" అని. ఫోన్లో సగమే చెప్పాను, ఇదిగో మిగతాది.

మన అపార్ట్‌మెంటునే ఒక అడవి అనుకోండి. డాబా మీద ఎండా గాలీ ఎంత కావాలంటే అంత. మధ్య అంతస్తుల్లో మెట్లు, గ్రిల్స్, బట్టలు ఆరేసే తీగలు. కింద పార్కింగ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వెయ్యాల్సిందే. అమెజాన్ అడవిలోనూ అంతే, చెట్ల పైన పడే వెలుగులో నేలకి దిగేది నూటికి ఒకటి రెండు వంతులే. ఆ మసకలో మెరిస్తే పిట్ట కంట్లో పడ్డట్టే. అందుకని అక్కడ ఎండుటాకు రంగున్నవి ఎక్కువ బతికి, వాటి పిల్లలే మిగులుతూ వచ్చాయి. లక్షల ఏళ్లు అలా జరిగితే కింది అంతస్తుకో రూపం, పై అంతస్తుకో రూపం వచ్చేశాయి.

ఎగరడం కూడా మారిపోయింది! ఆ అడవుల్లోనే మార్ఫోలని పెద్ద పెద్ద సీతాకోకచిలుకలున్నాయి, ప్రపంచం మొత్తం మీద దాదాపు 30 రకాలు. కింద కొమ్మల మధ్య తిరిగే రకాలు రెక్కలు టపటపలాడిస్తూ మలుపులు తిరుగుతాయి, చెట్ల పైన ఉండేవి మాత్రం గద్దలా రెక్కలు చాపి తేలిపోతాయి. చుట్టాలే అన్నీ! కింద తిరిగేదాని నీలం చూస్తే కళ్లు చెదురుతాయి గానీ, వాలి రెక్కలు మూసిందంటే అదీ మట్టిరంగే.

నా ఎనిమిదో ఏట మా ఊరి మామిడితోటలో రాలి కుళ్లిన పళ్ల మధ్య ఒక ఎండుటాకుని ఏరబోయాను. వేలు తగలగానే అది లేచి ఎగిరింది. వేలికొసకి గోధుమరంగు పొడి అంటుకుంది, ముగ్గుపిండి కన్నా మెత్తగా. నానమ్మకి చూపిస్తే "దాని రెక్కే రా అది, నువ్వు రాల్చేశావు" అంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మీరు మాత్రం ముట్టుకోకండి నాన్నా. చెట్ల కింద ఆకులు ఊడ్చి తగలబెడుతుంటే వద్దని చెప్పండి, పార్కింగ్‌లో మీరు చూసినలాంటివి పగలంతా దాక్కునేది వాటిలోనే, మసక పడ్డాకే అవి ఎగిరేది.

దక్షిణ అమెరికాలో ఈక్వడార్ అనే దేశం ఉంది, అక్కడి అడవిలో శాస్త్రవేత్తలు మగ్గిన అరటిపండ్లు ఎరగా పెట్టి, వలలు కొన్ని నేల దగ్గర, కొన్ని చెట్ల పైన కట్టి చూశారు. కింద ఎక్కువగా పడ్డ రకాలు వేరు, పైన పడ్డవి వేరు! మీరు వల కట్టొద్దు. బాగా మగ్గిన అరటిపండు ఒకటి డాబా మీద, ఒకటి కింద చెట్టు మొదట్లో పెట్టి, సాయంత్రం ఆరింటికి చప్పుడు చెయ్యకుండా కూర్చోండి. ఏది ఎక్కడ వాలిందో బుజ్జి బొమ్మ గీసి పంపాలి.

మీ తాతయ్య