పార్టీ పళ్ళానికి పండ్లు ఏరడం: అపోహలు – వాస్తవాలు

అపోహ: నిగనిగా పసుపెక్కితే మామిడి పండినట్టే.

వాస్తవం: ఒళ్ళంతా ఒకే పసుపు ఉండి వాసన రాని కాయనే ముందు అనుమానించాలి. లేతకాయను కోసి మాగేస్తే తోలు రంగు తిరుగుతుంది గానీ, టెంక దగ్గర కండ తెల్లగా, పుల్లగా ఉండిపోతుంది. చూడాల్సింది ముచ్చిక. ముదిరిన కాయకు ముచ్చిక గుంటలోకి దిగి, భుజాలు పైకి లేస్తాయి. పచ్చికాయలను నీళ్ళ బకెట్లో వేస్తే ముదిరినవి మునుగుతాయి, లేతవి తేలతాయి. ఇమాం పసంద్, మల్గోవా అయితే పండినా పచ్చగానే కనబడతాయి. వాటిని ముచ్చిక దగ్గర వాసన చూసి, అరచేతిలో పట్టి మెత్తదనం తెలుసుకోవాలి. బొటనవేలితో నొక్కితే మర్నాటికి ఆ చోటే నల్లమచ్చ. కొట్టతను కసురుకున్నాడంటే న్యాయమే.

పళ్ళానికి మా ఓటు బేనిషాకే (బంగినపల్లి): పీచుండదు, ముక్క నిలుస్తుంది. రసాలు కత్తికి లొంగవు, జ్యూస్‌కి ఉంచండి. దామలచెరువు మామిడి మండీ నుంచి ముదురు పచ్చికాయ తెస్తే వరిగడ్డిలో ఐదారు రోజులు పడుతుంది, అందుకే వారం ముందే కొనాలి. మాగకముందే ఫ్రిజ్‌లో పెడితే చలికి దెబ్బతిని సరిగా పండదు.

అపోహ: మందుతో మాగేసినవన్నీ విషమే.

వాస్తవం: కాల్షియం కార్బైడ్ నిషిద్ధం. ఎథిలీన్ వాయువుకు 100 పీపీఎం (పది లక్షల పాళ్ళలో వంద) దాకా దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి ఉంది. పండు తనంతట తాను వదిలేదీ అదే వాయువు.

అపోహ: పైనాపిల్ రెండ్రోజులు ఇంట్లో ఉంచితే తియ్యబడుతుంది.

వాస్తవం: తోట నుంచి కోశాక తీపి పెరగదు, పైరంగే మారుతుంది. ద్రాక్ష, పుచ్చకాయ, దానిమ్మ, బత్తాయి కూడా అంతే, కొన్ననాటి రుచే రుచి. ఆకు పీకి చూసే పరీక్షను నమ్మొద్దు, అడుగున వాసన చూడండి. తీపి అడుగువైపే ఎక్కువ కాబట్టి అడ్డంగా చక్రాలు కోస్తే ఒకరికి తీపి, ఒకరికి పులుపు. నిలువుగా చీలిస్తే ప్రతి చీలికలోనూ రెండూ పడతాయి. పచ్చి పైనాపిల్‌ను క్రీమ్‌లోనో పెరుగులోనో కలిపి ఉంచితే చేదెక్కుతుంది.

అపోహ: పుచ్చకాయను తట్టి చూస్తే చాలు.

వాస్తవం: శబ్దం అందరి చెవికీ ఒకలా తెలియదు. నేలకు ఆనిన మచ్చ ముదురు పసుపుగా ఉండాలి, తెల్లగా ఉంటే లేత. ఒకే సైజు రెండింటిలో బరువైనది తీసుకోండి.

అపోహ: సపోటా మెత్తగా ఉంటే చాలు.

వాస్తవం: గోటితో తోలు కాస్త గీకండి. కింద పచ్చగా ఉంటే కోతకు రాని కాయ, తింటే నాలుక పట్టేస్తుంది.

అపోహ: పొద్దున్నే కోసి పెట్టేసుకుంటే హాయి.

వాస్తవం: ఆపిల్, అరటి గాలి తగిలితే నల్లబడతాయి. లీటరు నీళ్ళలో ఒక నిమ్మకాయ పిండి, ఆపిల్ ముక్కలను మూడు నాలుగు నిమిషాలు ముంచి వడకట్టండి. అరటి వడ్డించే ముందే కోయాలి. కోసిన పుచ్చ, బొప్పాయి, కర్బూజ మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉండాలి. బయట రెండు గంటలు మించకూడదు. మే నెల తిరుపతి ఎండలో ఏసీ లేని హాలైతే గంటే.

అపోహ: మనిషికి పావుకిలో కొనాలి.

వాస్తవం: భోజనం ఉన్న పార్టీలో కోసిన ముక్కలు 120 గ్రాములు చాలు. 50 మందికి 6 కిలోలు. తోలూ టెంకా పోతాయి కాబట్టి 9 కిలోలు కొనండి. పైనాపిల్‌లో దాదాపు సగం పోతుంది, ద్రాక్షలో దాదాపు ఏమీ పోదు. ఆ రెండింటి పాళ్ళను బట్టి లెక్క సరిచూసుకోండి.