ఉద్యోగం పోయాక చేతికొచ్చే షేర్లు, వాటి పన్ను: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు చుట్టుపక్కల ఐటీ ఉద్యోగుల పన్ను లెక్కలు చూసే ఆడిటర్‌ని నేను. వచ్చేవారిలో మన తెలుగువాళ్లే ఎక్కువ. ఉద్యోగం పోయిన సంగతి గొంతు తగ్గించి చెబుతారు. షేర్ల ప్రస్తావన రాగానే మళ్లీ ధైర్యం వస్తుంది. "జీతం ఆగితే ఆగింది అన్నా, ఆప్షన్లు ఉన్నాయి కదా" అంటారు, అంటే కంపెనీ షేర్లను ముందే ఖాయం చేసిన ధరకు కొనుక్కునే హక్కులు. నిజమే, ఉన్నాయి. కానీ అందులో ప్రభుత్వం వాటా ఎంత, అది ఏ తేదీన కట్టాలి అన్నది తేలేవరకు ఎంత మిగులుతుందో ఎవరూ చెప్పలేరు. నేను తరచుగా వినే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: షేర్లు అమ్మినప్పుడే కదా పన్ను

పన్ను రెండు విడతలు. ఆప్షన్లను ఎక్సర్‌సైజ్ చేసినప్పుడు, అంటే ఆ ధర కట్టి షేర్లు తీసుకున్నప్పుడు, షేరు విలువకూ మీరు చెల్లించిన ధరకూ మధ్య ఉన్న తేడాను జీతంగానే లెక్కిస్తారు. ఆర్‌ఎస్‌యూలైతే (కంపెనీ ధర తీసుకోకుండా ఇచ్చే షేర్లు) వెస్ట్ అయి, అంటే నిర్ణీత కాలం పనిచేశాక మీ సొంతమై, మీ ఖాతాలో పడినప్పుడు మొత్తం విలువ జీతమే. తర్వాత అమ్మితే, ఆనాటి విలువ మీద పెరిగినంత వరకే మూలధన లాభం.

అంకెల్లో చూద్దాం. స్టాక్ మార్కెట్లో లిస్టు కాని కంపెనీలో మీకు 4,000 ఆప్షన్లు ఉన్నాయి. ఒక్కోదానికి మీరు కట్టవలసింది 10 రూపాయలు, కంపెనీ లెక్క ప్రకారం ఇప్పటి విలువ 900. నలభై వేలు కడితే సరిపోతుందని వస్తారు. కానీ తేడా 35,60,000 రూపాయలు. జీతం ఇప్పటికే 30 శాతం స్లాబులో ఉంటే, సెస్సుతో కలిపి పన్ను 11,10,720. మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే దానిపైన సర్‌చార్జీ, అంటే పన్ను మీద అదనపు పన్ను. జీతం ఆగిన నెలలో పదకొండు లక్షలు కట్టి తీసుకునే ఈ షేర్లను కొనేవారు ఇప్పట్లో ఎవరూ ఉండరు. చేతికి రాని పంటకు శిస్తు కట్టడమే ఇది. కంపెనీ మీద గట్టి నమ్మకం ఉండి, ఆ పదకొండు లక్షలు పోయినా ఇంటి వాయిదాలు ఆగవనుకుంటేనే ముందుకు వెళ్లమంటాను. ఈ సొమ్ము కోసం వ్యక్తిగత రుణం తీసుకుంటామనే వారిని మాత్రం గట్టిగా వారిస్తాను.

అపోహ: 90 రోజుల గడువు చట్టం ఇచ్చిన హక్కు

ఉద్యోగం వీడాక ఆప్షన్లను ఎక్సర్‌సైజ్ చేసుకోవడానికి ఇచ్చే గడువు గురించిన మాట ఇది. మన చట్టంలో అలాంటి లెక్క ఏదీ లేదు. అమెరికా పన్ను చట్టంలో ఒక రకం ఆప్షన్లకు ఉన్న మూడు నెలల నియమం నుంచి వచ్చిన అలవాటు ఇది. మీ గడువు ఎంతో కంపెనీ పథకం పత్రమే చెప్పాలి. కొన్ని కంపెనీలు ఏళ్ల తరబడి వ్యవధి ఇస్తాయి. మూకుమ్మడిగా ఉద్యోగులను తొలగించేటప్పుడు అడిగితే పొడిగించేవీ ఉన్నాయి. అడిగినది, వారు ఒప్పుకున్నది ఈమెయిల్‌లో ఉండాలి. హెచ్‌ఆర్ వారు ఫోనులో ఇచ్చిన హామీని నేను లెక్కలోకి తీసుకోను. వెస్ట్ కాని ఆప్షన్లు మామూలుగా ఉద్యోగంతోనే పోతాయి.

గడువు ఏ ఆర్థిక సంవత్సరంలోకి వెళుతుందో చాలామంది చూడరు. ఫిబ్రవరి నెలాఖరున ఉద్యోగం పోయి, గడువు మే దాకా ఉందనుకుందాం. మార్చిలో ఎక్సర్‌సైజ్ చేసి షేర్లు కేటాయింపు అయితే ఆ 35.6 లక్షలు పదకొండు నెలల జీతం మీద కూర్చుంటాయి. అదే పని ఏప్రిల్‌లో చేస్తే కొత్త సంవత్సరంలో స్లాబులు మొదటినుంచి మొదలవుతాయి. ఆ ఏడాది వేరే ఆదాయమేదీ లేకపోతే, 2025-26 నాటి కొత్త విధానం స్లాబుల ప్రకారం 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా పన్ను దాదాపు ఆరున్నర లక్షలు. నాలుగున్నర లక్షలకు పైగా తేడా. జూన్‌లో మంచి జీతంతో ఉద్యోగం వస్తే ఈ ఆదా కరిగిపోతుంది. దానికి బాధపడేవారిని ఇంతవరకు చూడలేదు.

అపోహ: మాది స్టార్టప్, పన్ను వాయిదా ఉంది

ఎక్సర్‌సైజ్ నాటి పన్నును తర్వాత కట్టే ఈ వెసులుబాటు 2020 ఏప్రిల్ నుంచి ఉన్న మాట నిజం. అయితే ప్రభుత్వం ప్రత్యేకంగా అర్హత పత్రం ఇచ్చిన స్టార్టప్‌లకే అది వర్తిస్తుంది. కోరమంగళలో ఆఫీసు ఉన్నంత మాత్రాన రాదు. అసలు చిక్కు మరోచోట ఉంది. ఈ వాయిదా షేర్లు అమ్మినా, నిర్ణీత కాలం నిండినా, ఉద్యోగం వీడినా ముగుస్తుంది. వీటిలో ఏది ముందైతే అదే, అక్కడి నుంచి 14 రోజుల్లో పన్ను జమ కావాలి. మిమ్మల్ని కంపెనీయే తీసేసినా మినహాయింపు లేదు. రెండేళ్ల క్రితం ఎక్సర్‌సైజ్ చేసి మరిచిపోయిన పన్ను ఆఖరి సెటిల్‌మెంటులోంచి పోయాక, "ఇదేమిటి సార్, చేతికి ఇంతేనా" అని పరుగెత్తుకొచ్చినవారు ఉన్నారు.

అపోహ: కంపెనీ టీడీఎస్ కోసేసింది, ఇక నాకు పని లేదు

టీడీఎస్ అంటే మీకు ఇచ్చేటప్పుడే కంపెనీ కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. ఆర్‌ఎస్‌యూలలో కొన్ని షేర్లు అమ్మి కంపెనీయే పన్ను కట్టడం మామూలే. కానీ మొత్తం ఆదాయం కోటి దాటితే సర్‌చార్జీ 15 శాతం అవుతుంది. అంత కోయని సందర్భాలు ఉంటాయి. ఏడాది మధ్యలో కొత్త ఉద్యోగంలో చేరి పాత కంపెనీ జీతం, షేర్ల వివరాలు చెప్పకపోతే రెండు కంపెనీలూ స్లాబులను మొదటినుంచి లెక్కిస్తాయి. జులైలో రిటర్ను వేసేటప్పుడు లక్షల్లో బాకీ తేలుతుంది. మార్చి 15 లోగా ముందస్తు పన్ను కట్టకపోతే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ కూడా.

కోసినదంతా కోయవలసినదే అని కూడా అనుకోనక్కరలేదు. ఫోన్‌పే తన నుంచి విడిపోయాక 2023లో ఫ్లిప్‌కార్ట్ తన ఆప్షన్లు ఉన్నవారికి పరిహారం ఇచ్చింది. అది జీతం కింద రాదని 2024లో ఢిల్లీ హైకోర్టు, వస్తుందని అదే ఏడాది మద్రాసు హైకోర్టు చెప్పాయి.

అపోహ: రెండేళ్లు ఆగి అమ్మితేనే లాభం

విదేశీ షేర్లు, లిస్టు కాని షేర్లు 24 నెలలు దాటాక అమ్మితే మూలధన లాభం మీద 12.5 శాతమే, నిజం. అయితే వెస్ట్ అయిన రోజే అమ్మితే లాభమే ఉండదు కాబట్టి దాదాపు పన్నూ ఉండదు. జీతం పన్ను ఎలాగూ కట్టేశారు. ఆగడమంటే ఆ డబ్బుతో అదే షేరును కొత్తగా కొన్నట్టే లెక్క. మిమ్మల్ని తొలగించిన కంపెనీ షేరును ఈరోజు బజారులో సొంత డబ్బుతో కొంటారా? కొననంటే అమ్మేయండి.

చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌వర్క్స్ 2021 సెప్టెంబరులో నాస్‌డాక్‌లో 36 డాలర్లకు వచ్చి, మొదటిరోజే 47 దాటి ముగిసింది. మరుసటి ఏడాది 15 డాలర్ల కిందకు పడింది. పై ధరల లెక్కన పన్ను కట్టి షేర్లు పట్టుకున్న వారికి ఆ పన్ను తిరిగి రాదు. తర్వాత వచ్చిన మూలధన నష్టాన్ని జీతంలోంచి తీసెయ్యడం కుదరదు. గడువులోగా రిటర్ను వేస్తే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లి ఇతర మూలధన లాభాల్లో సర్దుకోవచ్చు, అంతే.

అపోహ: డబ్బు అమెరికా ఖాతాలో ఉంది, ఇక్కడ చూపనక్కరలేదు

ఇక్కడ నివాసి అయితే విదేశీ ఖాతా, షేర్లు రిటర్నులో ప్రత్యేక పట్టికలో చూపాలి. ఆ ఏడాది ఆదాయం లేకపోయినా రిటర్ను వేయాల్సిందే. పట్టిక మన ఆర్థిక సంవత్సరం ప్రకారం కాక జనవరి నుంచి డిసెంబరు లెక్కన ఉంటుంది. చూపకపోతే జరిమానా 10 లక్షలు. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు మించకపోతే, 2024 అక్టోబరు నుంచి ఆ జరిమానా లేదు, కానీ చూపడం తప్పదు. ఇంకోటి, ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ ఇష్టపడనిది: అమెరికా కంపెనీల షేర్లున్న విదేశీయుడు మరణిస్తే 60,000 డాలర్లు దాటిన విలువ మీద అక్కడి ప్రభుత్వం 40 శాతం వరకు ఎస్టేట్ పన్ను తీసుకోవచ్చు. ఈ విషయంలో భారత్‌తో ఒప్పందం లేదు.

అపోహ: ఊళ్లో స్థలం కొంటే పన్ను మాఫీ

ఇది ఎక్కువగా నాన్నగారి నుంచి వచ్చే సలహా, గుంటూరు నుంచో అనంతపురం నుంచో ఫోనులో. ఖాళీ స్థలం కొని వదిలేస్తే పన్ను పైసా తగ్గదు. దీర్ఘకాలిక లాభం వచ్చిన షేర్ల అమ్మకపు సొమ్ము మొత్తం పెట్టి రెండేళ్లలో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ మూలధన లాభం మీద పన్ను ఉండదు. కొంతే పెడితే మినహాయింపూ ఆ మేరకే. అమ్మిన నాటికి మీ పేరున ఒకటికి మించి ఇళ్లు ఉండకూడదు. రిటర్ను గడువుకు ఖర్చు కాని సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. ఎక్సర్‌సైజ్ నాడు జీతంగా లెక్కపడిన భాగాన్ని మాత్రం ఏ ఇల్లూ కాపాడలేదు. అందుకని స్థలానికి బయానా ఇచ్చే ముందు కంపెనీ పోర్టల్ నుంచి గ్రాంట్ పత్రాలు, వెస్టింగ్ పట్టిక, ఎక్సర్‌సైజ్ రోజు విలువ చూపే కాగితం దించుకుని రండి. ఆఫీసు మెయిలు మూసేశాక వాటి కోసం తిరగడం పెద్ద పని.