బరోక్ కాలం దొరల ఉత్తరాలు: అపోహలు - వాస్తవాలు

బరోక్ కాలం నాటి, అంటే పదిహేడో శతాబ్దం యూరప్ ఉత్తరాలు చదవడమే నా పని, అందులోనూ పోలండ్ రాజు యాన్ సోబియెస్కీ భార్య మారిషెంకాకి రాసినవంటే నాకు ప్రాణం. వాటి మీద జనాల్లో ఉన్న అపోహలు చూసి ఇది రాస్తున్నా.

అపోహ: ఆ దొరలు రాసేదంతా ఆడంబరమే, మనసులోంచి వచ్చేది కాదు.

వాస్తవం: ఆడంబరం ఉంది, కాదనను. ఉత్తరాల్లో సోబియెస్కీ పేరు సెలడాన్, మారిషెంకా పేరు అస్త్రే, ఇవి ఫ్రెంచ్ ప్రేమ నవల్లోని పేర్లు, ఉత్తరాలకేమో జామ్ (పండ్ల మురబ్బా) అని కోడ్. కారణం లేకపోలేదు, 1665లో మొదటి భర్త పోయేదాకా ఆవిడ ఇంకొకరి భార్య, ఉత్తరం ఎవరి చేతిలో పడినా గొడవే. కానీ ఆ ఏడే వీళ్ల పెళ్లయింది, 1674లో రాజయ్యాడు, 1683లో యుద్ధానికెళ్లి కూడా "నా మనసుకున్న ఒకే ఒక్క ఊరటా" అనే మొదలెడతాడు, ఆవిడ జవాబు లేటైతే నిష్ఠూరాలాడతాడు, పైపై మాటలైతే అన్నేళ్లు అలా సాగుతుందా చెప్పండి.

అపోహ: సొంత ఉత్తరం కదా, భార్యాభర్తల మధ్య మాటే.

వాస్తవం: వియన్నా దగ్గర ఒట్టోమన్ (తుర్కీ) సైన్యాన్ని ఓడించింది 1683 సెప్టెంబర్ 12న, మర్నాడు రాత్రి ఓడిన సైన్యాన్ని నడిపిన ఒట్టోమన్ ప్రధానమంత్రి, వజీర్ కారా ముస్తఫా డేరాల్లో కూర్చుని రాసిన ఉత్తరం చూడండి. ముందు దేవుడికి దండం, వెంటనే కొల్లగా దొరికిన, కెంపులూ నీలాలూ పొదిగిన అమ్ములపొదుల లెక్క, ఉత్తచేతుల్తో వచ్చావని తాతారు జాతి పెళ్లాలు మొగుళ్లని దెప్పినట్టు నువ్వు నన్ను దెప్పలేవులే అని సరసం, ఆ తర్వాత వజీర్ తోటలు, కుందేళ్లు, దొరక్కుండా ఎగిరిపోయిన చిలక, సోబియెస్కీ చేతికి చిక్కకూడదని వజీర్ మెడ కోయించిన నిప్పుకోడి. ఇంత రాసి, దీన్ని రాణికి రాజు రాసిన ఉత్తరంగానే గెజెట్‌లో (అప్పటి వార్తాపత్రికలో) వేయించి లోకమంతా పంపించమంటాడు! అంటే భార్యకీ లోకానికీ ఒకే కాగితం, అందులో ఆయనకి వింతేమీ కనపళ్లేదు.

అపోహ: దేవుడి మాట లాంఛనం.

వాస్తవం: పోప్‌కి "వచ్చాం, చూశాం, దేవుడు గెలిచాడు" అని రాశాడు. "వచ్చాను, చూశాను, గెలిచాను" అన్న రోమన్ సేనాని సీజర్ మాటే తీసుకుని గెలుపు మాత్రం దేవుడికిచ్చాడు, గొప్పా భక్తీ రెండూ నిజమే.

అపోహ: పరువు అనేది పైకి చెప్పుకునే మాట.

వాస్తవం: గెలిచాక, వియన్నా రాజధానిగా ఏలే చక్రవర్తి లియోపోల్డ్‌ని కలిసినప్పుడు, సోబియెస్కీ కొడుకు యాకుబ్ వందనం చేస్తే చక్రవర్తి బదులు మర్యాదగా తన టోపీ మీద చెయ్యి కూడా వెయ్యలేదు, అది చూసి దాదాపు కొయ్యబారిపోయానని భార్యకి రాసుకున్నాడు. వియన్నాని కాపాడినవాణ్ణి అంత కుదిపేసిన విషయం అది.