క్రూయిజ్ కంట్రోల్ సెట్ కావడం లేదా? అపోహలు - వాస్తవాలు

యాక్సిలరేటర్ నొక్కి పట్టకుండానే కారును ఒకే వేగంతో నడిపేది క్రూయిజ్ కంట్రోల్. ఏ కాస్త అనుమానం వచ్చినా ఆగిపోయేలాగే దాన్ని తయారుచేస్తారు. బ్రేక్ నొక్కారా, క్లచ్ నొక్కారా, చక్రాలు ఎంత వేగంతో తిరుగుతున్నాయి? వీటిలో ఒక్కటి తేలకపోయినా ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) దాన్ని సెట్ కానివ్వదు. ఆ అనుమానం ఎక్కడ మొదలైందో పట్టుకుంటే రిపేర్ సగం అయినట్టే.

అపోహ: ఈసీఎం పోయింది, మార్చాల్సిందే.

ఈసీఎం నిజంగా పోతే సాధారణంగా స్టార్టింగ్‌లోనో పికప్‌లోనో తేడా వస్తుంది. బండి చక్కగా నడుస్తూ క్రూయిజ్ ఒక్కటే రాకపోతే ముందుగా బ్రేక్ పెడల్ స్విచ్ చూడండి. దాన్ని చూడకుండా ఈసీఎం మార్చమనే మెకానిక్ మాట వినకండి.

అపోహ: బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి, అంటే స్విచ్ బాగానే ఉంది.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. చాలా కార్లలో ఆ ఒక్క స్విచ్‌లోనే రెండు కాంటాక్టులు ఉంటాయి. ఒకటి పెడల్ నొక్కితే కలిసి లైట్లు వెలిగిస్తుంది. రెండోది మామూలుగా కలిసే ఉండి, నొక్కితే విడిపోతుంది. ఈసీఎం రెండింటినీ పోల్చి చూస్తుంది. రెండోది అరిగిపోతే లైట్లు యథావిధిగా వెలుగుతాయి, క్రూయిజ్ మాత్రం రాదు. స్కానర్‌లో (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పి0571 లేదా పి0504 కోడ్ కనిపిస్తే అనుమానం ఇటే.

కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో (కరెంటు దారి కలిస్తే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టండి. పెడల్ వదిలేసినప్పుడు ఒక జత పిన్నుల మధ్య బీప్ రావాలి, రెండో జత దగ్గర రాకూడదు. పెడల్ నొక్కితే అది తారుమారు కావాలి. ఒక్కసారి చూసి వదిలేయకండి. పది పన్నెండు సార్లు మెల్లగా నొక్కి వదులుతూ చూడండి. అరిగిన కాంటాక్టు నాలుగుసార్లు బాగానే పలికి ఐదోసారి తప్పుతుంది. అప్పుడప్పుడూ మాత్రమే క్రూయిజ్ పడిపోయే బండిలో దొరికేది సాధారణంగా ఇదే.

స్విచ్ మంచిదైతే అది ఆనే చోటు చూడండి. కొన్ని కార్లలో పెడల్ బ్రాకెట్‌కున్న చిల్లులో వేలిగోరంత రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది పెళుసెక్కి పొడి అవుతుంది. డ్రైవర్ మ్యాట్ మీద ముక్కలు కనిపిస్తే అవి దానివే కావచ్చు. బిళ్ల రాలిపోతే స్విచ్ పిన్ను ఆ చిల్లులోంచి అవతలికి దూరిపోతుంది. ఎప్పుడూ బ్రేక్ నొక్కి ఉన్నట్టే లెక్క. బ్రేక్ లైట్లు ఆరవు, క్రూయిజ్ రాదు, రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంది. దీనికి మందు కొత్త స్విచ్ కాదు, కొత్త బిళ్ల.

మాన్యువల్ గేర్ బండికి క్లచ్ స్విచ్ కూడా ఉంటుంది (కోడ్ పి0704). ఎడమ కాలు క్లచ్ మీద ఆనించి నడిపే అలవాటున్నా క్రూయిజ్ పడిపోవచ్చు.

అపోహ: స్టీరింగ్ మీది బటన్ పని చేయకపోతే బటన్ల సెట్టే పోయింది.

ముందు హారన్ కొట్టి చూడండి. హారన్, ఆడియో బటన్లు, క్రూయిజ్ మూడూ కలిసి పోయి, ఎయిర్‌బ్యాగ్ లైట్ కూడా వెలుగుతుంటే స్టీరింగ్ వెనకున్న క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ తిరుగుతున్నా బటన్లకూ ఎయిర్‌బ్యాగ్‌కూ కనెక్షన్ తెగకుండా ఉంచే చుట్ట వైరు) తెగి ఉండవచ్చు. ఒక్క బటన్ మాత్రమే పలకకపోతే స్విచ్ లోపం. చాలా కార్లలో బటన్లన్నీ ఒకే వైరు మీద వేర్వేరు రెసిస్టెన్సులతో పని చేస్తాయి. కాంటాక్టుల్లో తేమ చేరి విలువ మారితే సెట్ నొక్కినా ఈసీఎంకు అది అర్థం కాదు. స్కానర్ లైవ్ డేటాలో నొక్కిన బటన్ పేరు కనిపిస్తుందో లేదో చూస్తే తేలిపోతుంది.

క్లాక్ స్ప్రింగ్ ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి మీ కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి. కొన్నిటికి 90 సెకన్లు, కొన్నిటికి 3 నిమిషాలు, ఇంకొన్నిటికి అంతకన్నా ఎక్కువ. ఇందులో తొందర వద్దు, అక్కడ ఉన్నది ఎయిర్‌బ్యాగ్. చక్రాలు తిన్నగా ముందుకు ఉండేలా పెట్టి, కొత్త స్ప్రింగ్‌ను సరిగ్గా మధ్యలో ఉంచి బిగించాలి. లేకపోతే మొదటి యూ టర్న్‌లోనే తెగిపోవచ్చు.

అపోహ: ఏబీఎస్ లైట్‌కూ క్రూయిజ్‌కూ సంబంధం లేదు.

ఉంది. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ; చక్రాల వేగం చెప్పే సెన్సర్లు దానివే. చాలా కార్లలో ఆ లైట్ వెలిగితే క్రూయిజ్ ఆగిపోతుంది. వీల్ బేరింగ్ మార్చిన మర్నాటి నుంచే సమస్య మొదలైతే బేరింగ్ తిరగేసి బిగించారేమో చూడాలి. ఎన్‌కోడర్ (సెన్సర్ వేగం చదివే మాగ్నెట్ రింగు) ఉన్న బేరింగ్‌లో మాగ్నెట్ వైపు సెన్సర్ వైపే ఉండాలి. గుండుసూది దగ్గర పెడితే మాగ్నెట్ వైపు లాగుతుంది. బిగించే ముందే చూసుకుంటే రెండోసారి ప్రెస్ చేసే పని తప్పుతుంది.

అపోహ: కోడ్ చెరిపేస్తే సరిపోతుంది.

చెరిపితే లోపం పోదు, అప్పటిదాకా దొరికిన ఆధారం మాత్రం పోతుంది. ముందు కోడ్‌నూ ఫ్రీజ్ ఫ్రేమ్‌నూ (లోపం వచ్చిన క్షణంలో కంప్యూటర్ దాచిన రీడింగులు) రాసుకోండి.

అపోహ: రాడార్ క్రూయిజ్ రాకపోతే బంపర్ తుడిస్తే చాలు.

ముందున్న బండిని రాడార్‌తో చూసి దూరం పాటించే క్రూయిజ్ ఇది. వానలో, బురదలో ఆగితే తుడిస్తే చాలు. ఎండలో శుభ్రంగా ఉన్నా రాకపోతే, ఈమధ్య బంపర్‌కో అద్దానికో పని చేయించారా అన్నది గుర్తు తెచ్చుకోండి. రాడార్ బ్రాకెట్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా, 100 మీటర్ల ముందు దాని చూపు సుమారు 1.75 మీటర్లు పక్కకు జరుగుతుంది. అంటే పక్క లేన్‌లోని లారీని మీ ముందున్నదిగా లెక్క కట్టవచ్చు. అద్దం వెనక కెమెరా ఉన్న బండికి అద్దం మార్చాక కూడా క్యాలిబ్రేషన్ (చూపును మళ్లీ సరిచేయడం) చేయించాలి. రాడార్ ముందు బుల్ గార్డు, పెద్ద నంబర్ ప్లేట్ ఫ్రేమ్, మందంగా వేసిన పెయింట్ ఉంటే, ముందు అవి తీయించి ఆ తర్వాతే క్యాలిబ్రేషన్‌కు వెళ్లండి.