బొమ్మ గీస్తే అట్ట అయిపోదు: గ్రాఫిక్ నవల ముఖచిత్రంపై అపోహలు - వాస్తవాలు

విశాఖలో బొమ్మలు వేసే చేతులకి కొదవ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లున్నారు, ట్యాబ్లెట్ మీద సొంతంగా నేర్చుకున్నవాళ్లున్నారు. లోపలి పేజీలు ముచ్చటగా గీసి, ముఖచిత్రం దగ్గరికొచ్చేసరికి తడబడేవాళ్లే ఎక్కువ. గీతలో లోపం ఉండి కాదు. కవర్‌కి జిగురు అంటుతుంది, మడత పడుతుంది, కత్తి కింద అంచులు పోతాయి, వర్షాకాలంలో తేమ పీలుస్తుంది. ఇవన్నీ మొదటి పెన్సిల్ గీత నాడే లెక్కలోకి రావాలి. ఈ పనిలో పదే పదే వినబడే అపోహలు ఇవి.

అపోహ: లోపల బాగా కుదిరిన ప్యానెల్ (కథలోని ఒక బొమ్మ గడి) ఒకటి తీసి పెద్దది చేస్తే చాలు.

ప్యానెల్‌కి ముందొకటి, వెనకొకటి తోడుంటాయి. ముందు ప్యానెల్లో తలుపు చప్పుడు ఉంటేనే ఈ ప్యానెల్లో ఆ పిల్ల ఎందుకు ఉలిక్కిపడిందో తెలుస్తుంది. కవర్‌కి అలాంటి తోడు ఉండదు. పైగా టైటిల్‌కి చోటు వదిలి గీసిన ప్యానెల్ లోపల ఎక్కడా దొరకదు.

లెక్క కూడా కుదరదు. 80 మి.మీ. వెడల్పు ప్యానెల్‌ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలతో) స్కాన్ చేసి 170 మి.మీ.కి సాగదీస్తే మిగిలేది దాదాపు 141 డీపీఐ. ఇంకు గీతల అంచులు మెత్తబడిపోతాయి. రంగుల కవర్ అసలు సైజులో, బ్లీడ్‌తో (కత్తిరింపులో పోయేందుకు అదనంగా వదిలే అంచుతో) కలిపి 300 డీపీఐ ఉండాలి. రంగు లేని నల్ల గీతలు విడిగా స్కాన్ చేస్తే 600కి తగ్గకూడదు.

అపోహ: కథలో ముఖ్యమైనవన్నీ కవర్ మీద కనబడాలి.

రచయితలు, ప్రచురణకర్తలు ఎక్కువగా అడిగేది ఇదే. హీరో, విలన్, సముద్రం, తుఫాను, ఇల్లు అన్నీ పెట్టమంటారు. అన్నీ పెడితే కన్ను ఎక్కడా నిలవదు. కవర్ చేయాల్సింది ఒకటే: చూసినవాడి మనసులో ఒక ప్రశ్న పుట్టించడం.

ఒక ఉదాహరణ అనుకుందాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ మర్నాడు పెద జాలరిపేటలో ఒక పిల్ల తండ్రి బోటు కోసం వెతకడం కథ. మొదట 4 × 6 సెం.మీ. గడుల్లో చిన్న చిన్న థంబ్‌నెయిల్ స్కెచ్‌లు వేయాలి. 15, 20 అయ్యేదాకా ఏదీ కొట్టేయకూడదు. మొదటి నాలుగైదు అందరికీ తట్టేవే: సముద్రం వైపు తిరిగి నిలబడ్డ పిల్ల, వెనక పెద్ద అల, మబ్బుల్లో తండ్రి ముఖం. అవి బయటికొచ్చాకే అసలైనవి మొదలవుతాయి. పడిపోయిన చెట్ల మధ్య బీచ్ రోడ్డు పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది? బోటు కట్టే మోకు మాత్రమే మిగిలితే?

ఆ మోకు పట్టుకుందాం. పిల్ల కవర్ కుడివైపు, బిగించిన పిడికిట్లో మోకు. అది ఎడమకి సాగి, స్పైన్ (పుస్తకం వీపు) దాటి, వెనక అట్ట మీదికి పోతుంది. ముందు నుంచి చూసేవాడికి రెండో కొస కనబడదు. పుస్తకం తిప్పితే వెనక బోర్లా పడిన బోటు, మోకు తెగిన కొస. తుఫానుని గీయక్కర్లేకుండానే తుఫాను వచ్చేసింది.

థంబ్‌నెయిల్ ఎంచుకున్నాక రంగుల జోలికి పోకుండా మూడే టోన్లలో, అంటే తెలుపు, మధ్యస్థ బూడిద, నలుపులో ఒకసారి వేసి చూడాలి. పిల్ల ఆకారం వెనకున్న ఆకాశంలో కలిసిపోతుంటే ఎన్ని రంగులు పూసినా తేలదు. ఆ తర్వాత దాన్ని కంప్యూటర్‌లో 120 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి చూడాలి. ఫోన్‌లో పుస్తకం కొనేవాడికి కనబడేది దాదాపు అంతే. ఆ సైజులో మోకు మాయమైతే మోకు లావు పెంచాలి, లేదా దాని వెనక రంగు తేలిక చేయాలి.

అపోహ: బొమ్మ పూర్తి చేసి ఇచ్చేస్తే టైటిల్ డీటీపీలో (కంప్యూటర్‌లో పేజీలు కూర్చేటప్పుడు) ఎవరో ఒకరు పెట్టేస్తారు.

తెలుగు కవర్లు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒక సరళమైన పట్టీలో కూర్చుంటాయి. తెలుగు అక్షరం కిందికీ పైకీ పెరుగుతుంది. 'ఉత్తరాంధ్ర' అని రాయండి: త కింద ఒత్తు, ధ కింద ర ఒత్తు. టైటిల్ రెండు లైన్లయితే పై లైన్ ఒత్తులూ కింది లైన్ గుడులూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు లైన్ గ్యాప్‌తో మొదలుపెట్టి, ఒత్తు ఎక్కడ పడుతుందో చూస్తూ చేత్తో సర్దాలి. కింది లైన్లో ఖాళీ ఉన్నచోటికి పై లైన్ ఒత్తు దిగేలా కూర్చగలిగితే టైటిల్ ఒకే ముద్దగా అందంగా వస్తుంది.

అందుకని రఫ్ దశలోనే టైటిల్ ఉండాలి. మా లెక్కలో కవర్ ఎత్తులో కనీసం నాలుగో వంతు దానికి వదలాలి. ప్రచురణకర్త ఒప్పుకుంటే టైటిల్‌ని చేత్తోనే రాయడం మేలు. బొమ్మ గీసిన బ్రష్షే అక్షరం రాస్తే రెండూ ఒకే లోకంలో ఉంటాయి. ఫాంటే కావాలంటే రామభద్ర, మండలి, సురన్న, పొన్నాల వంటి ఫాంట్లు ఓపెన్ లైసెన్స్‌తో ఉచితంగా దొరుకుతున్నాయి, వాణిజ్య పుస్తకానికీ వాడుకోవచ్చు. ఫాంటుని ఉన్నదున్నట్టు పెట్టేయకుండా టైటిల్‌కి తగ్గట్టు అక్షరాల మధ్య దూరం సరిచేయాలి.

సాంకేతికంగా రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. అడోబీ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా భాషల కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు ఊడి, 'త్త' కాస్తా 'త్‌త' అయి కూర్చుంటుంది. ఇక పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి. ప్రెస్సుకి పంపే కాపీలో అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీసిన ఆకారాలుగా మార్చాలి. మార్చని కాపీ ఒకటి దగ్గర దాచుకోవాలి, అచ్చుతప్పు దొరికితే అదే దిక్కు.

అపోహ: స్పైన్ సంగతి ప్రెస్సువాళ్లు చూసుకుంటారు.

వాళ్లు చూసుకునేసరికి మోకు బొమ్మ పక్కకి జరిగిపోయి ఉంటుంది. లెక్క కష్టమేమీ కాదు. 160 పేజీలంటే 80 ఆకులు. 130 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) ఆర్ట్ పేపర్ ఆకు మందం 0.11 మి.మీ. ఉంటే 8.8 మి.మీ. అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, రెండు వైపులా కలిపి సుమారు 0.6. మొత్తం స్పైన్ 9.4 మి.మీ.

ఇప్పుడు ఖర్చు తగ్గించడానికి లోపలి కాగితాన్ని 100 జీఎస్ఎం మాప్లిథోకి మార్చారనుకోండి. బరువు తగ్గింది కాబట్టి పుస్తకం సన్నబడుతుందనుకుంటారు. మాప్లిథో పూత లేని కాగితం, ఉబ్బుగా ఉంటుంది, ఆకు 0.13 మి.మీ. ఉంటే స్పైన్ 11 మి.మీ. అవుతుంది. 9.4కి చేసిన కవర్ వేస్తే స్పైన్ మీది టైటిల్ మధ్యలోంచి తప్పుకుంటుంది, ముందు అట్ట బొమ్మ ఒకటిన్నర మి.మీ. స్పైన్ మీదికి జరిగిపోతుంది. జీఎస్ఎం చెప్పేది బరువే, మందం కాదు. ఆ కాగితంతోనే ఖాళీ డమ్మీ (నమూనా పుస్తకం) కట్టించి వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాకే కవర్ ఫైల్ మొదలుపెట్టాలి.

170 × 260 మి.మీ. పుస్తకానికి విప్పిన కవర్ వెడల్పు: 170 + 9.4 + 170, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్‌తో 355.4. ఎత్తు 266. ముఖాలు, అక్షరాలు కత్తిరింపు గీతకి కనీసం 6 మి.మీ. లోపల ఉండాలి. స్పైన్ పక్కన అట్ట తెరుచుకునే మడత 6, 7 మి.మీ. దూరంలో పడుతుంది, పిల్ల కన్ను ఆ గీత మీద పడకూడదు.

బైండింగ్‌లో ఒకటి రెండు మి.మీ. తేడా మామూలే. అందుకే ముందు అట్ట నీలం, స్పైన్ ఎరుపు అని అంచు దగ్గర ఠక్కున రంగు మార్చకూడదు. మి.మీ. జరిగినా ఎర్ర గీత ముందుకొచ్చి కనబడుతుంది. బొమ్మని స్పైన్ మీదుగా వెనక్కి పారనిస్తే ఆ బెడద ఉండదు, మోకు ఆలోచన పనికొచ్చేది అందుకే. స్పైన్ 6 మి.మీ. కన్నా సన్నగా ఉంటే దానిమీద అక్షరాలు వద్దనే మా సలహా. పెడితే పైనుంచి కిందికి రాయాలి, పుస్తకాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టినప్పుడు టైటిల్ సూటిగా చదవొచ్చు.

అపోహ: తెర మీద కనబడిన రంగే అచ్చులో వస్తుంది.

రాదు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, అచ్చు నాలుగు ఇంకులతో: సయాన్ (పచ్చనీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు. వీటినే కలిపి సీఎంవైకే అంటారు. మధ్యాహ్నపు ఆర్కే బీచ్ నీళ్ల పచ్చనీలం తెర మీద మెరిసిపోతుంది. సీఎంవైకేకి మార్చగానే చప్పబడుతుంది. ఎంత సయాన్ పెంచినా ఆ మెరుపు రాదు. రావాలంటే పక్క రంగుతో రప్పించాలి: నీళ్ల పక్కన భీమిలి ఎర్రమట్టి దిబ్బల ఎరుపో, సంజె నారింజో కొద్దిగా పెడితే అదే నీలం నిగ్గు తేలుతుంది. ఆ ఎరుపుని ముదురు చేయడానికి నలుపు కలపకండి, బురదగా మారుతుంది. సయాన్ కొంచెం కలిపితే ఎరుపు బతుకుతుంది.

తుఫాను రాత్రి ఆకాశానికి ఒట్టి 100 శాతం నలుపు వేస్తే అచ్చులో ముదురు బూడిదలా వస్తుంది. సయాన్ 50, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 కలిపితే నిండుగా ఉంటుంది. మొత్తం 230 శాతం. ఆర్ట్ కార్డు మీద నాలుగూ కలిపి 300 శాతం దాటితే ఇంకు ఆరదు, పక్క షీటుకి అంటుకుంటుంది. ఈ కలిపిన నలుపు పెద్ద మచ్చలకే. వెనక అట్ట మీది చిన్న అక్షరాలకి ఒట్టి నలుపే వాడాలి. నాలుగు ఇంకుల ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ పడుతుంది.

ప్రూఫ్‌ని (నమూనా అచ్చుని) అదే కార్డు మీద, అదే లామినేషన్‌తో (పైన అతికే ప్లాస్టిక్ పొరతో) తీయించి పగటి వెలుగులో చూడాలి.

అపోహ: మ్యాట్ లామినేషన్ వేస్తే ఏ కవరైనా హుందాగా ఉంటుంది.

మ్యాట్ ఫిల్మ్ రంగుల గాఢతని ఒక మెట్టు దించుతుంది, ముదురు కవర్ మీద గోరు గీసినా తెల్ల చార పడుతుంది. రాత్రి దృశ్యానికి గీతలు పడని రకం మ్యాట్ అడగాలి, లేకపోతే మెరిసే గ్లాసీ ఫిల్మ్ నయం.

విశాఖలో అంతకన్నా పెద్ద సమస్య గాలిలో తేమ. అట్టకి బయటివైపు ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది, లోపలివైపు ఉండదు. లోపలి కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఫిల్మ్ ఉన్నవైపు కదలదు. దాంతో అట్ట బయటికి ముడుచుకుని పుస్తకం నోరు తెరిచినట్టు నిలబడుతుంది. కార్డు పీచు దిశ స్పైన్‌కి సమాంతరంగా ఉండేలా షీటు వేయించాలి. అడ్డంగా ఉంటే ముడుచుకోవడంతో పాటు స్పైన్ మడత కూడా పగులుతుంది. వర్షాల్లో ఇంకు పూర్తిగా ఆరకుండా ఫిల్మ్ వేస్తే కింద సన్నటి గాలి బుడగలు చేరి నలుపు మసకబారుతుంది. తొందర పెట్టకూడని చోటు ఇది.

స్పాట్ యూవీ (కొన్ని చోట్ల మాత్రమే వేసే మెరిసే పూత) పెడితే దాని ఫైల్ విడి లేయర్‌గా ఒట్టి నలుపులో ఇవ్వాలి. అర మి.మీ. కన్నా సన్నని గీతలకి వద్దు. మోకుకి వేయొచ్చు, పిల్ల కనురెప్పలకి వేయకూడదు.

అపోహ: సముద్రం ఎక్కడైనా సముద్రమే, నెట్‌లో దొరికిన ఫొటో చూసి గీసేయొచ్చు.

విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. నీళ్ల మీద సూర్యబింబం గీస్తే అది తెల్లవారుజాము. సాయంత్రం కావాలంటే వెలుగు ఊరివైపు నుంచి రావాలి. ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ కుడిచేతి వైపు, కైలాసగిరి ఎడమచేతి వైపు. కంపోజిషన్ తూకం చూడటానికి బొమ్మని అద్దంలోలా తిప్పడం మంచి పద్ధతే, తిరిగి సరిచేయడం మరిచిపోతే ఊరే తిరగబడుతుంది. స్థానిక పాఠకుడు క్షణంలో పట్టేస్తాడు. ఇంకొకరి ఫొటోని ఉన్నదున్నట్టు దించితే హక్కుల చిక్కు ఎలాగూ ఉంది. కథా కాలాన్ని బట్టి తెప్పా, ఫైబర్ బోటా అన్నది ఫిషింగ్ హార్బర్‌కి స్కెచ్‌బుక్ తీసుకెళ్లి తేల్చుకోవచ్చు.

అపోహ: బార్‌కోడ్ చివర్లో ఎక్కడో అతికిస్తే సరి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) బార్‌కోడ్ పూర్తి సైజు 37.29 × 25.93 మి.మీ., 80 శాతం కన్నా చిన్నది చేయకూడదు. తెల్లటి నేల మీద నల్ల గీతలే ఉండాలి. ఎర్ర గీతల్ని స్కానర్ చదవలేదు. మామూలుగా వెనక అట్ట కింద కుడి మూలన పెడతారు. మన ఉదాహరణలో మోకు స్పైన్ దాటి వచ్చేది సరిగ్గా అటువైపు నుంచే. కాబట్టి మోకు ఎత్తుగా రావాలి, లేదా బార్‌కోడ్ ఎడమ మూలకి పోవాలి. ఆ తెల్ల గడిని థంబ్‌నెయిల్‌లోనే గీసుకోవాలి. ఐఎస్‌బీఎన్‌కి డబ్బు కట్టక్కర్లేదు, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది.

అపోహ: గీసింది నేను, హక్కు నాదే.

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. హక్కు మీ దగ్గరే ఉండాలంటే పని మొదలుకాకముందే రాతలో ఉండాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే చెల్లుతుంది. అందులో గడువు రాయకపోతే సెక్షన్ 19 కింద 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమైనట్టుగా లెక్కిస్తారు. కవర్ బొమ్మని పోస్టర్ మీద, టీషర్టు మీద, మరో భాష ముద్రణలో వాడుకోవచ్చా అన్నది విడివిడిగా రాసుకోవాలి. కాగితం మీద వేసిన అసలు బొమ్మ ఎవరి దగ్గర ఉంటుందన్నదీ ఒక వేరే వాక్యంగా ఉండాలి. ముద్రణ హక్కు ఇచ్చినంత మాత్రాన ఆ కాగితం ఇచ్చినట్టు కాదు.